గడ్డకట్టిన మందుసీసా

కోకాపేట మొత్తం మీద రాజరాజేశ్వరిని ‘బిడ్డా’ అని పిలిచే మనిషి ఒక్కతే ఉండేది. మిగతా ఊరందరికీ ఆవిడ మందుల మేడమ్. ఆ పిలుపులో మర్యాద లేదని కాదు, ఉంది. తాసిల్దారు ఆఫీసు మెట్లెక్కేటప్పుడు మనుషులకు పుట్టుకొచ్చే మర్యాద అది. పని పడితే వస్తారు, పని కాగానే వెళ్లిపోతారు, మధ్యలో కూర్చోరు.

మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల భవనం తెరిచిన మరుసటేడు జరిగిన సంగతి ఇది. అప్పటికి కోకాపేట ఇంకా ఊరే. బర్రెలు రోడ్డుకు అడ్డంగా నడిచేవి, బండల మధ్య దొరికిన కాస్త నేలలో జొన్న వేసేవారు, కరెంటు తనకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చి, బుద్ధి పుట్టినప్పుడు పోయేది. కూకట్‌పల్లిలో రెండు మందుల షాపులున్న సుబ్రహ్మణ్యం మాత్రం, ఇవాళ్టికి ఇది ఊరే గానీ రేపటికి ఊరు కాదంటూ వచ్చి, బస్సాగే చోట ఒక షట్టరు కిరాయికి తీసుకున్నాడు. మందుల షాపు పెట్టాలంటే ఫార్మసీ చదివిన మనిషి ఉండాలి. చాలామంది యజమానులు చదివిన మనిషి సర్టిఫికెట్ తెచ్చి గోడకు తగిలించుకుని, మనిషిని ఇంటికి పంపేస్తారు. సుబ్రహ్మణ్యానికి సర్టిఫికెట్‌తో పాటు మనిషి కూడా వచ్చిపడింది. రాజరాజేశ్వరి అతనికి దూరపు చుట్టం, వరసకు మరదలు. తణుకులో పనిచేసే షాపు మూతపడి, తమ్ముడింట్లో ఎన్నాళ్లుండాలా అని చూస్తున్న రోజుల్లో అతని కబురు వచ్చింది. ఆవిడకు పెళ్లయింది గానీ నిలవలేదు. ఎందుకు నిలవలేదో ఆవిడ ఎవరికీ చెప్పలేదు కాబట్టి మనమూ అడగొద్దు.

షాపు వెనక ఒక గది. అందులో మంచం, కిరోసిన్ స్టవ్, రెండు గిన్నెలు. నలభై దాటిన మనిషి ఒక్కతే వండుకుని తినడంలో ఉన్న కష్టం వంటలో లేదు, కొలతలో ఉంది. ఒక మనిషికి సరిపడా పప్పు ఏ గిన్నెలోనూ కుదరదు. ఎంత తక్కువ వేసినా ఇంకో మనిషి వాటా మిగిలిపోతుంది. ఆ మిగిలిన వాటాను రాజరాజేశ్వరి రాత్రికి తనే తినేది. ఒంటికాయ సొంటికొమ్ము అని వాళ్ల వైపు అంటారు. సొంటికొమ్మయినా నయం, దంచి పాలల్లో వేసుకునేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు.

ఊరు దగ్గరికి రాకపోవడానికి ఆవిడ చాదస్తం కూడా కొంత కారణం, ఆ మాట దాచి లాభం లేదు. ఆవిడ రాక ముందు కిరాణా కొట్లో సబ్బుబిళ్లతో పాటు ఎర్రగోలి, పచ్చగోలి కూడా దొరికేవి. ఒళ్లు నొప్పులకు ఎర్రది, జ్వరానికి పచ్చది, రెంటికీ కలిపి రెండూ. అలాంటి ఊళ్లో ఈవిడ గోలి అడిగితే చీటీ ఏదనేది. జ్వరం ఎన్నాళ్ల నుంచి, ఇంతకుముందు ఏం మింగారు, కడుపుతో ఉన్నారా అని పోలీసు స్టేషన్‌లో అడిగినట్టు అడిగేది. తేదీ దాటిన మందును జనం చూస్తుండగానే తీసి పారేసేది. ‘గింత మంచి గోలీలు పారేస్తది, మనకియ్యది’ అని ఆడవాళ్లు నొచ్చుకున్నారు. నొప్పికి మందు కోసం వచ్చి పాఠం విని వెళ్లడం ఎవరికి ఇష్టం?

షాపులో ఆవిడకు గర్వకారణం ఒక్కటే, ఫ్రిజ్. చిన్నదే, ఒంటి తలుపుది, లోపల పైన మంచుపెట్టె ఉన్నది. అందులో ధనుర్వాతం సూదిమందూ, చక్కెర జబ్బుకు ఇన్సులిన్ సీసాలూ ఉండేవి. వేడి కొలిచే గాజుగొట్టం ఒకటి లోపల వేలాడదీసి పొద్దునా సాయంత్రం చూసుకునేది. కరెంటు పోయినా చల్లదనం నిలిచేట్టు కింద అరలో నీళ్ల సీసాలు వరసగా పేర్చేది. ఒక మూల స్టీలు గ్లాసులో విడిగా ఒక ఇన్సులిన్ సీసా ఉండేది. అది పెంటయ్యది. పెంటయ్య మాదాపూర్‌లో కట్టుబడి దగ్గర వాచ్‌మన్. ముప్పయ్యేళ్లన్నా నిండని సన్నటి మనిషి, సూది లేకపోతే నిలవని రకం చక్కెర జబ్బు. ఊళ్లో ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి అతనొక్కడే. రోజూ రెండు పూటలా పొడుచుకునేవాడు, కొత్త సీసా కోసం తప్పకుండా వచ్చేవాడు.

ఇక ‘బిడ్డా’ అన్న మనిషి ఈరమ్మ. అరవై దాటింది. కొడుకులు పొలంలో సగం అమ్మి స్లాబు ఇల్లు కట్టారు. ఆ ఇంట్లో ఎండాకాలం ఫ్యాను కింద కూర్చుంటే పొయ్యి మీద కూర్చున్నట్టు ఉందని, మధ్యాహ్నం పూట చింతపండు తట్ట పట్టుకుని మందుల షాపు గడప మీదికి వచ్చేది. మొదటిసారి కంట్లో చుక్కల మందుకు వచ్చి, నీడ బాగుందని కూర్చుంది. ఊళ్లో అలా కూర్చున్న మొదటి మనిషీ, చివరి మనిషీ ఆవిడే. రాజరాజేశ్వరి ‘ఈరమ్మ గారూ, లోపలికి రండి’ అంటే పగలబడి నవ్వింది.

“నాకు గారేంది బిడ్డా? నా మొగడు గూడ అనలే” అంది.

అయినా రాజరాజేశ్వరికి ఆ ‘గారు’ వదల్లేదు. పుట్టిన ఊరి అలవాటు. ఈరమ్మ గింజలు తీస్తూ కోడళ్ల మీద చాడీలు చెప్పేది, ఈవిడ కౌంటరు వెనక నుంచి ఊఁ కొట్టేది. ఒకరోజు ఆవిడ సర్వపిండి తెచ్చేది, ఒకరోజు ఈవిడ మిగిలిన పప్పులో వాటా పెట్టేది. ఈరమ్మ రావడం మొదలయ్యాక పప్పు కొలత కుదిరింది. అంతకంటే ఎక్కువ ఏమీ జరగలేదు. కానీ మధ్యాహ్నమయ్యేసరికి రాజరాజేశ్వరి చూపు గడప మీదికి పోయేది, తట్ట కనపడగానే ప్రాణం లేచొచ్చేది.

ఆ వేసవిలో తణుకులో తమ్ముడు కొత్త ఇంట్లో గృహప్రవేశం పెట్టుకున్నాడు. ఆడపడుచు లేకపోతే లోకం ఏమనుకుంటుందోనని పిలిచాడు. షాపు మూసి వెళ్లాలి. మూసిన షాపులో శుక్రవారం దీపం పెట్టకుండా ఉండకూడదని ఈరమ్మ పట్టు పట్టింది. ఊడ్చి, దీపం పెట్టి, తాళమేసి వస్తానంది. రాజరాజేశ్వరి తాళంచెవులు ఆవిడ చేతిలో పెట్టింది. ఎవరికీ ఏ మందూ ఇవ్వొద్దని చెప్పింది. ఫ్రిజ్ స్విచ్చి మాత్రం ఆపొద్దనీ, ఆ మందులు చల్లగా ఉండాలనీ, వేడి తగిలితే పాడైపోతాయనీ చెప్పింది. అంతటితో ఆగితే బాగుండేది. పెంటయ్య సీసా అయిపోయే రోజు దగ్గరపడింది, అతన్ని ఊరికే తిప్పడం ఎందుకని, వస్తే ఆ గ్లాసులో సీసా తీసి ఇవ్వమంది. మందు తను తప్ప ఇంకెవరూ చేత్తో తీసి ఇవ్వకూడదన్నది ఆవిడ ఎన్నో ఏళ్లుగా తప్పని నియమం. నమ్మకమైన మనిషి ఒక్కరు దొరికేసరికి ఆ నియమం సడలింది. దొరక్క దొరక్క దొరికిన మనిషి కదా.

తణుకులో ఏం జరిగిందో పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. ఆవిడను వంటల దగ్గర కూర్చోబెట్టారు, ఫోటోలు తీసేటప్పుడు పిలవడం మరిచిపోయారు. చుట్టాలంతా ఎక్కడుంటున్నావని అడిగారు గానీ, ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు. కోకాపేట అంటే అదెక్కడన్నారు. తిరుగు బస్సులో ఆవిడ ఈరమ్మ కోసం పూతరేకులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, కింద పెడితే నలుగుతాయని.

పొద్దున్నే వచ్చేసరికి ఈరమ్మ షట్టరు ముందు ఎదురుచూస్తోంది. మొహం వెలిగిపోతోంది. చెప్పాలని నోట్లో ఆగడం లేదు.

“నీ మందులను కాపాడిన బిడ్డా” అంది.

కథంతా చెప్పింది. రాజరాజేశ్వరి వెళ్లిన రోజే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందట. పగలంతా కరెంటు లేదు. దీపం పెట్టడానికి వచ్చి ఫ్రిజ్ తెరిచి చూస్తే లోపల చెమట పట్టినట్టుందట. పాలైతే ఈపాటికి విరిగిపోయేవి, మందులు కూడా విరిగిపోతాయని పరేషాన్ అయిందట. సాయంత్రం కరెంటు రాగానే సీసాలన్నీ తీసి పైన మంచుపెట్టెలో పెట్టిందట, మళ్లీ పోయినా చల్లదనం నిలుస్తుందని. తెల్లారి వచ్చి చూస్తే రాయిలా గట్టిపడ్డాయట. ఇక ఫికర్ లేదనుకుని, మళ్లీ కింద ఎక్కడివక్కడ సర్దిందట. పెంటయ్య సీసా కూడా అతని గ్లాసులో పెట్టిందట.

రాజరాజేశ్వరి ఫ్రిజ్ తెరిచింది. సీసాలన్నీ వరస తప్పకుండా, ముద్దుగా ఉన్నాయి. ఒక ఇన్సులిన్ సీసా తీసి అరచేతుల మధ్య దొర్లించింది. మామూలుగానైతే ఆ మందు పల్చటి పాలలాగా ఒక్క తీరుగా కలుస్తుంది. ఇప్పుడు తెల్లటి పలుకులు గాజుకు అంటుకుని జారడం లేదు. ఇంకోటి తీసింది. అదీ అంతే.

“పెంటయ్య వచ్చాడా ఈరమ్మ గారూ?”

“వచ్చిండు గద. ఆ మాపటికే వచ్చి తీస్కపోయిండు. నువ్వు జెప్పినట్లే ఇచ్చిన.”

అంటే మూడు రోజులైంది. రాజరాజేశ్వరి సీసా ఆవిడకు చూపించింది. గడ్డకట్టి కరిగిన మందులో బలం చచ్చిపోతుందనీ, పెంటయ్య పొడుచుకుంటున్నది నీళ్లతో సమానమనీ మెల్లగా చెప్పింది. మెల్లగానే చెప్పింది, ఒక్క మాట కూడా పెంచలేదు. ఈరమ్మ మొహంలో వెలుగు ఎలా ఆరిపోయిందో చూడలేక తల తిప్పుకుంది. ఎండకు పాడవుతుందన్నావు గానీ చలికి పాడవుతుందని చెప్పలేదు గదా అని ఈరమ్మ అడగొచ్చు. అడగలేదు. పాలనుకున్న బిడ్డా, అని మాత్రం అంది. పూతరేకుల పొట్లం కౌంటరు మీదే ఉండిపోయింది.

పెంటయ్య భార్య సక్కుబాయి ఇంటి ముందు ఆకుకూర ఏరుకుంటోంది. కొత్త సీసా తీసుకుని పనిలోకి పోయిన మొగుడు ఇంకా ఇంటికి రాలేదనీ, గుండ్రటి బిల్డింగు వెనకాల కొత్తది కడుతున్నారు, అక్కడే రేకుల గదిలో ఉంటాడనీ చెప్పింది. ఎందుకని అడిగితే రాజరాజేశ్వరి మందు మార్చాలంది. అక్కడి నుంచి ఆటో పట్టుకుని గచ్చిబౌలి, గచ్చిబౌలిలో ఇంకో ఆటో పట్టుకుని మాదాపూర్.

గుండ్రటి బిల్డింగు వెనక కొత్తది అంటే ఒకటుంటుందని ఆవిడ అనుకుంది. అక్కడ ఎటు చూసినా కొత్తదే. బండలు పేల్చిన గుంతలు, ఇనప చువ్వలు, ఎర్రదుమ్ము. ఏ గేటు దగ్గర అడిగినా పెంటయ్య ఎవరన్నారు. ఒక చోట పేరు అడిగారు, ఇంకో చోట కంపెనీ పేరు అడిగారు. అది ఆవిడకు తెలియదు. సీసా మీద రాయడానికి అతని కంపెనీతో పనేముంది?

రోడ్డు పక్క చాయ్ బండి దగ్గర మెడలో కార్డులు వేసుకున్న ఆడపిల్లలు నలుగురు నిలబడి ఉన్నారు. ‘కాదండీ, మా వూళ్లో అయితేనండీ’ అని వాళ్లలో ఒకమ్మాయి అంటోంది. తణుకు మాటే, లేకపోతే పక్కనున్న భీమవరం మాట. రాజరాజేశ్వరి కాళ్లు ఒక్క క్షణం ఆగాయి. మీదే వూరమ్మా అని అడగాలనిపించింది. ఎండలో, దుమ్ములో, చెమటతో ఉన్న తనను చూసి ఆ పిల్ల ఏదో పనిమనిషి అనుకుని పక్కకు జరిగింది. ఆవిడ కూడా ముందుకు నడిచింది. ఈ ఊరికి వచ్చినవాళ్లంతా తన వాళ్లే, తనకు మాత్రం ఎవరూ కారు. ఆ సంగతి అంత సూటిగా అంతకుముందెప్పుడూ తగల్లేదు.

చివరికి అతను కనపడింది ఒక సిమెంటు బస్తాల కొట్టు నీడలో. గోడకు జారగిలబడి కూర్చున్నాడు, పక్కన ఖాళీ అయిన నీళ్ల బిందె. ఆవిడను చూసి లేవబోయి లేవలేకపోయాడు.

“ఎండలు మేడమ్. ఎన్ని నీళ్లు తాగినా దూప ఆగుతలే. తిన్నది నిల్వదు” అన్నాడు.

వంగేసరికి అతని ఊపిరిలో మిగలమగ్గిన పండు వాసన వేసింది. ఆ వాసన వేస్తే చక్కెర జబ్బు ప్రాణం మీదికి వచ్చినట్టేనని చదువుకున్నది ఆవిడ. అతని నాడి పట్టుకుంది. ఆవిడ మొహం చూసి అతనే ధైర్యం చెప్పబోయాడు.

“నీ మందు ఒక్క పూట గూడ తప్పలే మేడమ్. నువ్వెట్ల జెప్పినవో గట్లే పొడుసుకున్న.”

ఆ మాటకంటే చెంప మీద కొట్టినా బాగుండేది. ఆవిడ కూలీలను పిలిచి అతన్ని ఆటోలో పడేయించి దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మందు గడ్డకట్టిందనీ, మూడు రోజులుగా అదే వాడుతున్నాడనీ. డాక్టరు ఆవిడ వైపు ఒకసారి చూసి సెలైను పెట్టమన్నాడు. ఇంకో రోజు గడిచి ఉంటే మనిషి దక్కేవాడు కాదని తర్వాత చెప్పారు. దక్కాడు. సాయంత్రానికి సక్కుబాయి వచ్చేసరికి కళ్లు తెరిచి చూస్తున్నాడు.

సక్కుబాయి మొగుణ్ణి చూసి ఏడ్చి, తర్వాత వరండాలోకి వచ్చింది.

“సీసా ఎవలు ఖరాబ్ జేసిండ్రు మేడమ్?”

“నేనేనమ్మా. షాపు నాది, తాళాలు నావి. తప్పు నాదే” అంది రాజరాజేశ్వరి.

అందులో అబద్ధం ఎంత, నిజం ఎంత అని తూచడం కష్టం. తాళంచెవులు ఇచ్చింది తనే, సగం చెప్పి సగం మింగింది తనే. కానీ ఈరమ్మ పేరు రాకుండా చూడాలన్న ఆరాటం కూడా ఉంది. ఊళ్లో బతకాల్సిన మనిషి, ముసలిది, ప్రేమతో చేసింది. తనదేముంది, ఎలాగూ కూర్చునేవాళ్లు లేరు. ఇంకో రాయి పడితే పడనీ అనుకుంది. సక్కుబాయి ‘గంత సదువు సదివి’ అని మాత్రం అని, మొహం తిప్పుకుని లోపలికి పోయింది.

ఊళ్లో కబురు నిప్పులా పాకింది. మందుల మేడమ్ ఇచ్చిన మందుకు పెంటయ్య సావు దాకా పోయొచ్చిండట. ఇన్నాళ్లూ చీటీ తెమ్మని, తేదీ చూడమని చంపుకుతిన్న మనిషి కదా, ఇప్పుడు దొరికింది. కిరాణా కొట్లో ఎర్రగోలీల అమ్మకం పెరిగింది. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఒకరు, ఇంకేదో అని ఒకరు.

సుబ్రహ్మణ్యం స్కూటరు మీద దిగాడు. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ సంచీలో కట్టి పక్కన పెట్టేయడం చూసి ప్రాణం ఉసూరుమంది అతనికి.

“అన్నీ పోయినట్టేనా రాజేశ్వరీ? ధనుర్వాతం సూదులు చూడ్డానికి శుభ్రంగానే ఉన్నాయి కదమ్మా. ఎవరికి తెలుస్తుంది?”

“వేయించుకున్న ఒంటికి తెలుస్తుంది బావగారూ” అంది ఆవిడ.

అతను చెడ్డవాడేం కాదు, వ్యాపారస్తుడు. గొణుక్కుంటూ సంచీ తీసుకెళ్లాడు, నాశనం చేయించి కొత్త సరుకు పంపాడు. ఆవిడ ఫ్రిజ్ తలుపుకు బయట నుంచి తాళం వేసే కొక్కెం బిగించింది. తెలుగులో ఒక కాగితం రాసి అంటించింది, ఎండలో పెట్టరాదు, మంచుపెట్టెలో పెట్టరాదు అని. చదివేవాళ్లెవరు గనక. ఈరమ్మకు చదువు రాదు, వచ్చినా ఆవిడ లేదు.

అవును, ఈరమ్మ రాలేదు. ఆ పొద్దున గడప దిగి వెళ్లిన మనిషి మళ్లీ కనపడలేదు. మధ్యాహ్నం అయ్యేది, ఎండ గడప దాకా వచ్చి ఆగేది, తట్ట వచ్చేది కాదు. రాజరాజేశ్వరి మొదట సిగ్గుపడుతోందేమో అనుకుంది. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందనుకుంది. ఒకసారి నల్లా దగ్గర ఎదురుపడితే ఈరమ్మ బిందె సగం నిండకుండానే ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ రోజు రాజరాజేశ్వరికి కోపం వచ్చింది. నీ పేరు కడుపులో దాచుకుని ఊరి చేత మాటలు పడుతున్నాను, నువ్వు కూడా నన్నే వెలేస్తావా అని రగిలిపోయింది. పైకి అనలేదు. ఆవిడ ఎప్పుడూ ఎవరినీ ఏమీ అనలేదు. మొగుణ్ణి అనలేదు, తమ్ముణ్ణి అనలేదు. అనకపోవడమే మంచితనం అనుకునే పెంపకం.

పప్పు మళ్లీ మిగలడం మొదలైంది. పూతరేకులకు చీమలు పట్టాయి. సాయంత్రాలు ఫ్రిజ్ గరగరమని మొదలై, కాసేపటికి ఆగేది. అది ఆగినప్పుడు షాపులో ఎంత నిశ్శబ్దం ఉందో తెలిసేది. రాజరాజేశ్వరి రెండు సార్లు సుబ్రహ్మణ్యానికి ఫోన్ చేసి వేరే ఎవరినైనా చూసుకోమని చెప్పాలనుకుంది. టెలిఫోను బూత్ దాకా వెళ్లి కూడా చేయలేదు. ఇక్కడ నుంచి వెళ్తే ఎక్కడికి వెళ్లాలో తెలిస్తే కదా. ఏడుపు వచ్చిన రోజున షట్టరు సగం దించుకుని ఏడ్చింది, ఎవరూ చూసే భయం లేకపోయినా.

తొలకరి పడ్డాక ఒక మధ్యాహ్నం కౌంటరు ముందు నీడ పడింది. తలెత్తితే ఈరమ్మ. చేతిలో తట్ట లేదు. గడప మీద కూర్చోలేదు. బేరానికి వచ్చిన మనిషిలా నిటారుగా నిలబడింది. జుట్టు రేగి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“మేడమ్” అంది.

ఆ పిలుపు రాజరాజేశ్వరికి గుచ్చుకుంది. కూర్చోండి ఈరమ్మ గారూ, అని స్టూలు జరిపింది. ఈరమ్మ స్టూలు వైపు చూడను కూడా చూడలేదు.

“సక్కుబాయి ఇంటికెళ్లి వస్తున్న. సీసా ఖరాబ్ జేసింది నేనే అని చెప్పిన.”

“ఎందుకు చెప్పారండీ? నేను...”

“నువ్వు నా తప్పు తీస్కపోయి నీ నెత్తిన వెట్టుకున్నవ్. మంచిగనే ఉన్నది నీకు. మరి నాకేం మిగిలింది? మాఫీ అడుగుదామంటే తప్పు నాది కాకపాయె. ఊరు నిన్ను తిడుతుంటే కోడళ్ల నడుమ కూసోని ఇనుకుంట ఉన్న. అన్నం దిగలే.”

సక్కుబాయి జుట్టు పట్టుకున్నంత పని చేసిందనీ, పెంటయ్య కూడా నోటికొచ్చినట్టు తిట్టాడనీ చెప్పింది. ఈరమ్మత్తా నన్ను సంపెతందుకే పుట్టినవా అన్నాడట. తిట్టి తిట్టి, చివరికి సక్కుబాయే లోపలికి పోయి నీళ్లు తెచ్చి ఇచ్చిందట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఈరమ్మ మొహం కాస్త తేటపడింది.

“అందరు తిట్టిండ్రు. నువ్వే తిట్టలే” అంది.

“మిమ్మల్ని నేనెందుకు తిడతానండీ?”

“అదే గద నేనడిగేది. గా పొద్దుగాల సీసా చేతుల వట్టుకోని, సల్లగ, ఈరమ్మ గారూ అన్నవ్. నా పానం అప్పుడే పోయింది. నా కోడళ్లు గిన్నె పల్గగొడితే నేను వాడకట్టు లేచేటట్టు తిడత. పక్కింటామె పల్గగొడితే పోనీ తియ్యమ్మా అంట. పరాయోళ్లను ఎవలు తిట్టరు. నిన్ను బిడ్డా అని నేనే అనుకున్న. నువ్వు నన్ను ఎన్నడు ఏమనుకోలే.”

తన మంచితనం మీద రాజరాజేశ్వరికున్న గురి అంతా ఆ ముసలిదాని ముందు వెలవెలబోయింది. నాకెవరూ లేరు, నాకెవరూ లేరు అని రోజూ ఏడ్చింది తను. గడప మీదికి వచ్చి కూర్చున్న ఒక్క మనిషిని ఇన్నాళ్లూ ‘గారు’ అని గడప మీదే కూర్చోబెట్టింది కూడా తనే.

ఆవిడ కౌంటరు వెనక నుంచి ఇవతలికి వచ్చింది.

“బుద్ధుందా నీకు?” అంది. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. “ఈరమ్మా, బుద్ధుందా? తెలియని పనిలో చెయ్యెందుకు పెట్టావు? పాలట, పాలు! మందులూ పాలూ ఒకటేనా? మనిషి చచ్చిపోయేవాడే! వాడి పెళ్లాం ముందు మనిద్దరం ఏ మొహం పెట్టుకుని తిరిగేవాళ్లం?”

“తిట్టు” అంది ఈరమ్మ.

“తిడతాను, తిట్టకేం చేస్తాను? చేసిందంతా చేసి, ఇంట్లో ముసుగేసుకుని కూర్చున్నావు. నల్లా దగ్గర కనపడితే తల తిప్పుకుని పోతావా? ఒక్కదాన్ని ఇక్కడ పడున్నానని తెలియదా నీకు? తిన్నానో లేదో, బతికున్నానో లేదో చూడొద్దా? నీకోసం ఒళ్లో పెట్టుకుని తెచ్చాను పూతరేకులు, అన్నీ చీమల పాలయ్యాయి...”

ఆపైన మాటలు ఏడుపులో కలిసిపోయాయి, అయినా ఆవిడ ఆపలేదు. తణుకును తిట్టింది, తమ్ముణ్ణి తిట్టింది, కరెంటు వాళ్లను తిట్టింది, పేరెప్పుడూ ఎత్తని మొగుణ్ణి కూడా తిట్టింది. రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్లు మందుల మేడమ్‌కు ఏమైందోనని తొంగి చూశారు. ఈరమ్మ వాళ్ల వైపు చెయ్యి ఊపి, మీ పని మీరు చూసుకోండన్నట్టు సైగ చేసింది. తర్వాత గడప మీద తన చోట్లో కూర్చుని, కాళ్లు చాపుకుని, చివరిదాకా వింది.